హెరాల్డ్ మీద ఏడు లక్షలు పెట్టొచ్చా?

చీపురుపల్లిలో మా మావయ్య గారి రైస్‌మిల్లు వెనక గోదాంలో ఆయన నాన్నగారిది, అంటే మా తాతగారిది, 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఒకటి ఉంది. కారు మీద టార్పాలిన్, టార్పాలిన్ మీద వేలెడు మందం ఊక, ఊక మీద పిల్లులు. ముప్ఫై ఏళ్ళుగా దాని బతుకు ఇదే. రెండేళ్ళ కిందట సంక్రాంతికి అందరం చేరినప్పుడు, కనుమ నాడు భోజనాలయ్యాక మావయ్య ఆ టార్పాలిన్ లాగి, "ఒరే, నువ్వు కార్ల గురించి తెగ చదువుతావు కదా, దీన్ని మళ్ళీ రోడ్డెక్కించాలంటే ఎంతవుద్ది?" అన్నారు. నేను అరిసె నములుతూ, ఏ లెక్కా వేయకుండా, "రెండు లక్షలు పెడితే అయిపోతుంది మావయ్యా" అనేశాను. అసలు లెక్క తేలడానికి ఐదు నెలలు పట్టింది. ఈ ఐదు నెలల్లో నేను అడిగినవాళ్ళలో సగం మంది స్క్రాప్‌కి తోసెయ్ అన్నారు, మిగతా సగం మంది యాంటిక్ గురూ, లక్షలు లక్షలు పలుకుతుంది అన్నారు. రెండు గుంపుల్లోనూ కాగితం మీద లెక్క వేసి చూసినవాళ్ళు ఒక్కరూ తగల్లేదు.

ముందే చెప్పేస్తాను, పెట్టిన డబ్బు వెనక్కి రాదు. సగం వచ్చినా అదృష్టమే. ఎందుకు రాదో తెలిస్తే, రాదని తెలిసీ పెట్టొచ్చా లేదా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవచ్చు.

హెరాల్డ్ ఒక బుజ్జి ఫ్యామిలీ కారు, దాని మీద ఇంత మోజెందుకు అంటారేమో. నిజమే. కానీ దాని చుట్టరికం వేరు. ఇంగ్లాండులో స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీ 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ తెచ్చింది, దాని ఆకారం గీసింది ఇటలీకి చెందిన జొవాన్నీ మిచెలోట్టి. మూడేళ్ళకి, 1962లో, అదే ఛాసిస్‌ని, అంటే కారు అడుగున ఉండే ఉక్కు చట్రాన్ని, పొట్టి చేసి, దాని మీద అదే మిచెలోట్టి గీసిన రెండు సీట్ల బాడీ పెట్టి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. అది 1980 దాకా 3 లక్షలకు పైగా తయారైంది. ముందు చక్రాల సస్పెన్షన్, స్టీరింగ్, ఇంజను వంశం, అన్నీ హెరాల్డ్‌వే. మన దేశంలో మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి 948 సీసీ ఇంజనుతో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేసింది. అంటే గోదాంలో ఉన్నది స్పిట్‌ఫైర్‌కి సొంత అన్నయ్య. మా ప్రాంతంలో పాత స్పోర్ట్స్ కారుకి ఇంతకంటే దగ్గరగా వచ్చేది నేనైతే ఇంకోటి చూడలేదు. ఈ చుట్టరికం గొప్పలు చెప్పుకోవడానికి కాదు, స్పేర్ పార్టుల దగ్గర పనికొస్తుంది, అది తర్వాత.

డబ్బు ఎందుకు రాదంటే, రంగు వేసే మనిషికి అది ఏ కారన్న సంగతితో పని లేదు. రేకు సరిచేయడానికి ఇన్ని రోజులు, లప్పం పెట్టి రుద్దడానికి ఇన్ని రోజులు, పెయింటుకి ఇంత, కూలి ఇంత. హెరాల్డ్ అయినా జాగ్వార్ ఈ టైప్ లాంటి ఖరీదైన స్పోర్ట్స్ కారు అయినా ఒక చదరపు అడుగు రేకుకి పట్టే పని దగ్గర దగ్గరగా ఒకటే. బంపర్లకి పూత, సీట్లు కుట్టించడం, వైరింగ్, ఇవన్నీ అంతే. ఖర్చు పనిని బట్టి ఉంటుంది, కారు ధర మాత్రం పేరుని బట్టి ఉంటుంది. 36 మాత్రమే తయారైన ఫెరారీ 250 జీటీఓల్లో ఒకటి 2018లో అమెరికాలో వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. అలాంటి కారు మీద ఎంత పెట్టినా ధరతో పోలిస్తే చిల్లర కిందే లెక్క. పేపర్లో వచ్చే వార్తలన్నీ ఆ కార్లవే, మన బుర్రలో మిగిలేదీ అదే, అందుకే గోదాంలో తుక్కు చూసినవాడికల్లా నిధి కనిపిస్తుంది. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అంటారు, కానీ అది ఏనుగై ఉండాలి కదా. మాది దున్నపోతు.

మా లెక్క చెప్తాను. ఇది మా ఒక్క కారు సంగతి, ఇంకో కారుకి అంకెలు మారిపోతాయి. టింకరింగ్ అంటే రేకు పని, పెయింటింగ్, రెండూ కలిపి 2,80,000 అన్నారు. ఇంజను, గేరుబాక్సు ఓవర్‌హాలింగ్‌కి 90,000. ఇంగ్లాండు నుంచి తెప్పించుకోవాల్సిన పార్టులకి కొరియర్, కస్టమ్స్‌తో సహా 1,60,000. బంపర్లు, హ్యాండిళ్ళు, రింగులకి క్రోమ్ పూత 35,000. సీట్లు, లోపలి లైనింగు, తలుపుల రబ్బరు బీడింగులు 60,000. వైరింగ్ మొత్తం కొత్తగా 25,000, టైర్లు ట్యూబులు 20,000, లారీ మీద అటూ ఇటూ తిప్పడానికి 12,000. మొత్తం 6,82,000. హైదరాబాదులో పాత కార్లు కొని అమ్మే ఒకాయనకి ఫొటోలు పంపితే, అంతా పూర్తయ్యాక మహా అయితే మూడున్నర లక్షలు, ఇప్పుడున్న స్థితిలో అరవై వేలు అన్నారు. అంటే 6,82,000 పెడితే కారు విలువ 2,90,000 పెరుగుతుంది. దాదాపు నాలుగు లక్షలు గాలికి పోతాయి. ఇల్లు కట్టి చూడు అన్నట్టు, ఎస్టిమేట్ దగ్గర ఆగిన పని మా ఇంటావంటా లేదు, కాబట్టి ఇంకో పాతిక శాతం కలుపుకోండి.

అయితే ఆ అంకెల్లో మొదటిది చూశారా, నూటికి నలభై వంతుల సొమ్ము రేకుకీ రంగుకే పోతోంది. జనం పాత కారు అనగానే ఇంజను తిరుగుతుందా అని అడుగుతారు. నేనూ ముందు అదే అడిగాను. సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డు నుంచి ఒక పెద్దాయనని తీసుకొచ్చాం. సాలూరంటే లారీల ఊరు, రేకు వంచడంలో అక్కడివాళ్ళకి ఉన్న చేయి కార్ల షోరూముల్లో దొరకదు. ఆయన బానెట్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. గోనె పరుచుకుని కారు కింద పడుకున్నాడు, చేతిలో ఒక పాత స్క్రూడ్రైవరు. "ఇంజనుదేటుంది బాబూ, ఇనప ముద్ద, ఎప్పుడైనా లేపొచ్చు. ముందు అడుగు సూడాల" అని, స్క్రూడ్రైవరుతో పొడుచుకుంటూ పోయాడు. కొన్ని చోట్ల టంగుమంది. కొన్ని చోట్ల చప్పుడే లేకుండా పిడి దాకా దిగిపోయింది. నాకు కడుపులో తిప్పింది.

తర్వాత లుంగీ కొంగు చుట్టిన అయస్కాంతం ఒకటి తీసి తలుపుల కింద రాస్తూ పోయాడు. పట్టుకున్న చోట ఇనుము ఉన్నట్టు, జారిపోయిన చోట లప్పం ఉన్నట్టు. ఎడమ తలుపు కింద జానెడు పొడవున అయస్కాంతం పట్టలేదు. అంటే తాతగారి కాలంలోనే ఎవరో చిల్లు పడ్డ రేకు మీద లప్పం మెత్తి రంగు కొట్టేశారు. పాత కారు కొనాలనుకునేవాళ్ళు వెయ్యి ప్రశ్నలు అడగక్కర్లేదు, ఆ అయస్కాంతం, స్క్రూడ్రైవరు పట్టుకెళ్తే చాలు.

తుప్పు మా కారుకి ఎందుకంత పట్టిందంటే, దాని మొదటి పదిహేనేళ్ళు కళింగపట్నంలో గడిచాయి. తాతగారికి అక్కడ వ్యాపారం, ఇంటి నుంచి సముద్రం కూతవేటు దూరం. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో అంత పొడవు తీరం ఇంకే జిల్లాకీ లేదు. ఆ గాలిలో ఉప్పు రేకు మీద పడి, తేమ తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం తింటుంది. మీద పడ్డది కడిగితే పోతుంది, ఛాసిస్ పెట్టెల లోపల చేరినదాన్ని ఎవరూ కడగరు. ఆ తర్వాత గోదాంలో టార్పాలిన్ కప్పడం ఇంకో పొరపాటు. వానకి తడవదు అనుకుంటాం గానీ, నేల నుంచి లేచిన ఆవిరి దాని కింద బందీ అయిపోతుంది. ఊక తేమని పట్టి ఉంచుతుంది. ఎలుకలు వైర్లు కొరికి, సీటులో స్పాంజి పీకి గూళ్ళు పెట్టాయి. గాలాడే షెడ్డులో ఏమీ కప్పకుండా, ఇరుసుల కింద దుంగలు పెట్టి చక్రాలు పైకి లేపి ఉంచితే ఈ కారు ఇంకా ఎంతో బాగుండేది. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే, బాగుచేయించే డబ్బులు లేకపోయినా ఈ ఒక్క పనీ ఈవేళే చేయండి, రూపాయి ఖర్చు లేదు.

హెరాల్డ్‌లో ఒక మంచి సంగతి ఉంది. 1953లో స్టాండర్డ్‌కి బాడీలు చేసిపెట్టే కంపెనీని పోటీదారు బీఎంసీ కొనేసింది. బాడీ మొత్తం ఒకే చోట చేయించుకునే దారి లేక, వేర్వేరు చోట్ల ముక్కలు చేయించి, విడిగా ఉన్న ఛాసిస్ మీద బోల్టులతో బిగించే పద్ధతికి వెళ్ళారు. అప్పటికే మిగతావాళ్ళు విడిగా ఛాసిస్ లేని కార్లకి మారుతున్నారు, వీళ్ళది వెనకబాటుతనం అనిపించుకుంది. ఇవాళ మాత్రం ఆ వెనకబాటుతనమే మనకి కలిసొస్తుంది. బోల్టులు విప్పితే పైకప్పు ఊడొస్తుంది, ముందు భాగం మొత్తం ఒక్క ముక్కగా ముందుకి లేస్తుంది, కుళ్ళిన ముక్కని తీసి పక్కన పెట్టుకుని బాగుచేయొచ్చు. ఛాసిస్ నుంచి పక్కలకి చాచిన చేతుల్లాంటి పట్టీలు ఉంటాయి, అవుట్‌రిగ్గర్లు అంటారు, హెరాల్డ్‌లో ముందు కుళ్ళేవి అవే. మావి నాలుగు పోయాయి. సాలూరు పెద్దాయన పాత ముక్కని అచ్చు పెట్టుకుని కొత్త రేకు వంచి చేస్తానన్నాడు, ఎందుకంటే ఆయన లారీలకి రోజూ చేసే పనే అది. ఇదే ఛాసిస్ లేని కారైతే ఆయన కూడా చేతులెత్తేసేవాడు, అప్పుడు నా సలహా వేరేగా ఉండేది.

ఇంజను సంగతి ఆయన చెప్పినట్టే అయ్యింది. బిగుసుకుపోయింది, ప్లగ్గులు విప్పి సిలిండర్లలో డీజిలు పోసి పది రోజులు వదిలేస్తే కదిలింది. రీబోర్, అంటే అరిగిన సిలిండర్లని మళ్ళీ తొలిచి సాపు చేయడం, విజయనగరం లేత్ వర్క్‌షాపులో అయిపోతుంది. కానీ లేత్ దగ్గర ఇంకో పని చెప్పాలి, వాల్వులు కూర్చునే చోట గట్టి రింగులు వేయించాలి. ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు రోజుల్లోవి, ఆ సీసమే వాల్వు సీట్లని అరగకుండా కాపాడేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం పెట్రోలు అమ్మడం మానేశారు. ఇప్పుడు దానికి తోడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. అది పాత రబ్బరు పైపుల్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాల్లో తేమని లాగుతుంది, నెలలు నెలలు ట్యాంకులో నిలవ ఉంటే అడుగున తుప్పు మొదలవుతుంది. పెట్రోలు పైపు పగిలితే కారడమే కాదు, వేడి ఇంజను మీద పడితే కారు కాలిపోతుంది. పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించడానికి మహా అయితే కొన్ని వేలవుతుంది, ఇక్కడ కక్కుర్తి పడకండి.

ఇంకొకటి, ఇది మన మెకానిక్కులకి చెప్పకపోతే తప్పకుండా జరిగే పొరపాటు. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ ముందు చక్రాల కింద ట్రనియన్ అనే కంచులాంటి లోహపు ముక్క ఒకటి ఉంటుంది, చక్రాన్ని మోసే ఉక్కు కడ్డీ స్క్రూలాగా దాంట్లోకి దిగి తిరుగుతుంది. దానికి గేరు ఆయిలు పెట్టాలి. గ్రీజు పెడితే లోపలి స్క్రూ గాట్ల దాకా చేరదు, కొన్నాళ్ళకి నీరు చేరి కడ్డీ తుప్పు పట్టి ఏదో ఒక రోజు మలుపులో విరిగిపోతుంది, చక్రం అడ్డంగా పడుకుంటుంది. మన దగ్గర నిపిల్ కనిపిస్తే గ్రీజు గన్ను పెట్టేస్తారు, పాపం వాళ్ళ అలవాటది. బుడితిలో కంచు పని చేసేవాళ్ళ చేత ఆ ముక్క పోయించేస్తే సరిపోదా అని మా బావ అడిగాడు. చెంబూ తపేలా అయితే వాళ్ళని మించినవాళ్ళు లేరు బావా, ఇది ప్రాణం మీదకొచ్చే ముక్క, స్పిట్‌ఫైర్ పుణ్యమా అని ఇంగ్లాండులో ఇంకా కొత్తవి చేస్తున్నారు, తెప్పించుకుందాం అన్నాను. ఇందాక చుట్టరికం అన్నది ఇందుకే. తయారైన సంఖ్య ఎక్కువగా ఉన్న కారుకి విలువ తక్కువ, కానీ పార్టులు దొరుకుతాయి. అరుదైన కారుకి విలువ ఎక్కువ, ఒక చిన్న దీపం అద్దం పగిలితే ఏడాది వెతకాలి. బాగుచేయించి నడుపుకోవాలి అనుకునేవాళ్ళకి మామూలు కారే మేలు.

కాగితాల సంగతి చాలామంది చివర్లో చూస్తారు, అది ముందు చూడాలి. మా ఆర్‌సీ తాతగారి పేరున, శ్రీకాకుళం జిల్లా చిరునామాతో ఉంది. చీపురుపల్లి అప్పట్లో శ్రీకాకుళం జిల్లాయే, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాక ఇటొచ్చింది. తాతగారు పోయారు కాబట్టి ఫారం 31 మీద వారసుడి పేరుకి మార్చుకోవాలి, దానికి మావయ్య గారి ఇద్దరు తమ్ముళ్ళ సంతకాలు కావాలి. ముప్ఫై ఏళ్ళుగా కారు వైపు చూడని చిన్నమావయ్య ఆ సంతకం అడగ్గానే "అది నాన్నగారి గుర్తురా, తొందరపడొద్దు" అన్నారు. ఆ సంతకానికి రెండు నెలలు పట్టింది. ఇక అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించుకోవడం, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి. 20 ఏళ్ళు దాటిన కారుకి ఆ ఫీజు 2025 ఆగస్టులో 10,000 చేశారు. రెండోది 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకి ఇస్తారు. ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలొస్తాయి, చూడ్డానికి దర్జాగా ఉంటుంది. కానీ ఆ ప్లేటు వేసుకుంటే ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకి తప్ప రోజువారీగా తిప్పకూడదు. మావయ్యకి కావాల్సిందేమో ఆదివారం పూట అత్తయ్యని ఎక్కించుకుని రామతీర్థం వెళ్ళి రావడం. ఆ ప్లేటుతో అది కుదరదు. అందుకని మేం మొదటి దారే పట్టాం.

ఇవన్నీ విన్నాక మావయ్య కాసేపు ఊరుకుని, "మరి నాలుగు లక్షలు పోతాయని తెలిసీ చేయించాలా?" అన్నారు. నేను ఒకటే అడిగాను, పదేళ్ళు నడుపుతారా అని. పదేళ్ళకి పంచితే ఏడాదికి నలభై వేలు, నెలకి మూడు వేల మూడొందలు. షోరూములో పది లక్షలు పెట్టి కొన్న కొత్త కారు కూడా ఐదారేళ్ళు తిరిగేసరికి సగానికి సగం పోగొడుతుంది, దాన్ని ఎవరూ నష్టం అనరు, కారు వాడుకున్నాం అంటారు. అమ్ముదామని చేయిస్తే మాత్రం శుద్ధ దండగ. కారు చూడకుండానే ముచ్చటపడి కొనేసి, ఆ తర్వాత అడుగు చూసుకుని, మధ్యలో డబ్బులైపోయి, విప్పిన ముక్కలన్నీ గోనెసంచుల్లో వదిలేయడం ఇంకా పెద్ద దండగ. సగం విప్పిన కారుకి విప్పని తుక్కు కారు పాటి ధర కూడా రాదు. నిజంగా అంత మోజుంటే వేరేవాళ్ళు సొమ్ము పోసి బాగుచేయించి అమ్ముతున్నదాన్ని కొనుక్కోవడమే చవక, ఆ నష్టం వాళ్ళ ఖాతాలో పడుతుంది. కానీ అది తాతగారి కారు కాదు, అది ఒప్పుకోవాలి.

చివరికి మేం పూర్తి రిస్టోరేషన్ వద్దనుకున్నాం. రంగు ముట్టుకోవట్లేదు. వెలిసిపోయిన ఎరుపు, తలుపు మీద తాతగారి గొడుగు గీసిన గీత అలాగే ఉంటాయి. ఇదేం పిసినారితనం కాదు, ఎక్కడా ముట్టుకోని అసలు రంగున్న కార్లకి బయట దేశాల్లో ఇప్పుడు మోజు ఎక్కువ, ఒకసారి కొత్త రంగు కొట్టాక పాతది మళ్ళీ రాదు. కారుని నిలబెట్టేవి, ఆపేవి, కాలిపోకుండా చూసేవి మాత్రం ముందు చేయిస్తున్నాం. ఛాసిస్ పట్టీలు, అడుగు రేకు, బ్రేకులు, పెట్రోలు పైపులు, వైరింగ్, ట్రనియన్లు, ఇంజను. టైర్లకి వెతుక్కోనక్కర్లేదు, పదమూడంగుళాల చక్రం కాబట్టి ఇక్కడే దొరుకుతాయి. ఇప్పటికి మూడు లక్షల పదివేలయ్యింది. నేను అరిసె నములుతూ చెప్పిన రెండు లక్షల మాట అత్తయ్య వారానికోసారి గుర్తుచేస్తున్నారు.

కిందటి నెల సాలూరు షెడ్డులో ఇంజను నాలుగు నిమిషాలు ఆడింది. పొగ చూసి పక్కన లారీ దగ్గరున్న కుర్రాళ్ళు నీళ్ళ బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. వెనక డిక్కీ అడుగు రేకు ఇంకా వేయలేదు, స్టెప్నీ అందులో పెడితే నేరుగా రోడ్డు మీదికి జారిపోతుంది. ప్రస్తుతానికి ఆ స్టెప్నీ విజయనగరంలో మా ఇంట్లో, మంచం కింద ఉంది.